ఇంకో రేసు ఉంటే

ముసురు. రేసులు ముగించుకుని ఇంటికి వెళ్తున్న కారు. వెనక ట్రైలర్ మీద ఒక్క మనిషి నడిపే చిన్న తెరచాప పడవ. స్టీరింగ్ దగ్గర తండ్రి, పక్కన పదహారేళ్ల కూతురు.

"చిక్కుపడిందంటావు."

"చిక్కుపడింది."

"తెరచాప తాడు."

"తాడే నాన్నా. పడవలో ఇంకేం చిక్కుపడతాయి?"

"కాదూ, పొద్దుట్నుంచీ చిక్కుపడని తాడు సరిగ్గా ఆ చివరి బోయా దగ్గరికొచ్చేసరికే చిక్కుపడిందా అని. నీ ముందు ఒక్కడే ఉన్నాడు, ఆ ఎర్ర టోపీ కుర్రాడు. నీళ్లలో తేలే ఆ బోయా గుర్తు చుట్టూ తిరిగి ఒడ్డువైపు వచ్చెయ్యడమే. కళ్లు మూసుకుని వచ్చినా మొదటి ముగ్గుర్లో ఉండేదానివి."

"కళ్లు మూసుకుంటే బోయాని గుద్దుకుంటాం."

"జోకా?"

"కాదు."

"నవ్వొచ్చింది మరి."

"నువ్వు నవ్వలేదు."

"లోపల నవ్వానులే. ఆ అద్దం ఎత్తు, జల్లు కొడుతోంది."

"పర్లేదు."

"తడుస్తున్నావమ్మలూ."

"పొద్దుట్నుంచీ తడుస్తూనే ఉన్నా. ఏం తెలీట్లేదు."

"చేతులు?"

"తిమ్మిరిగా ఉన్నాయి."

"హీటర్ పెంచనా?"

"నీ ఇష్టం."

"ఏమన్నా తింటావా? వెనక సంచిలో బ్రెడ్డుంది. మీ అమ్మ పెట్టింది."

"ఆకల్లేదు."

"పొద్దునా ఇదే మాట."

"పొద్దునా లేదు. అమ్మ ట్రైన్లో ఎందుకెళ్లిపోయింది?"

"రేపు పొద్దున్నే షాపు తెరవాలి కదా. మందుల షాపు, దానికి సెలవేంటి."

"మనమూ ఇవాళే చేరతాంగా ఇంటికి."

"ట్రైలరుతో మనది నత్తనడక కదమ్మా. పైగా వెనక సీటు నిండా నీ తెరచాపే. తనెక్కడ కూర్చుంటుంది?"

"తెరచాప నా ఒళ్లో పెట్టుకునేదాన్ని."

"అంత పొడుగు కర్రలతో?"

"వచ్చేటప్పుడు అమ్మా నేనూ కారులో వచ్చాం. నువ్వు డ్యూటీ నుంచి నేరుగా ట్రైన్లో వచ్చావు. వెళ్లేటప్పుడు మీరిద్దరూ మారారు. ముగ్గురం ఒకే కారెక్కి ఎన్నాళ్లయింది?"

"చూడు చూడు, ఎలా కట్ కొట్టాడో ఆ లారీవాడు! ఇండికేటర్ ఉండేది ఎందుకనుకుంటార్రా బాబూ."

"ఎన్నాళ్లయింది?"

"ఏమో. ఎవరు గుర్తుపెట్టుకుంటారు. మీ కోచ్, ఆ విజిల్ సార్, ఏమన్నాడు నిన్ను?"

"ఏమన్లేదు. మెడలోంచి విజిల్ తీసి జేబులో పెట్టుకున్నారు."

"తిట్టాడా?"

"తిడితే బాగుండేది."

"ఏడాదంతా నీ వెనకే తిరిగాడు ఆ రబ్బరు పడవేసుకుని. ఆయనకీ బాధే కదా. ఐదోదానివై ఆగిపోయావు. ముగ్గుర్లో ఉంటే చలికాలం జట్టులోకి తీసుకునేవాళ్లు."

"తెలుసు."

"తెలుసు అంటావు. ఏడుపైనా రాలేదా నీకు?"

"రాలేదు."

"నాకొచ్చింది."

"అయితే ఏడవాల్సింది."

"మగాణ్ని, పైగా చేతిలో బైనాక్యులర్స్. ఎలా ఏడవను?"

"బైనాక్యులర్సెక్కడివి నీకు?"

"పక్కాయనవి. ఆ ఎర్ర టోపీ వాళ్ల నాన్నవి. చివరి రేసు కదా, కాసేపు ఇమ్మని అడిగి తీసుకున్నా. అమ్మలూ."

"ఊఁ."

"తాడు చిక్కుపడలేదు."

"చిక్కుపడింది."

"నీ చేతిలోనే ఉంది. ఊరికే, చూస్తూ చూస్తూ వదిలేశావు. తెరచాప రెపరెపా కొట్టుకుంటోంది, పడవ ఉన్నచోటే ఆగిపోయింది. నువ్వేమో బస్టాపులో కూర్చున్నట్టు కూర్చున్నావు. ఒకడు దాటాడు, ఇంకొకడు దాటాడు. నీ పక్కనుంచి పోతూ ఒక అమ్మాయి ఏదో అరిచింది కూడా."

"'దెబ్బ తగిలిందా?' అంది."

"నువ్వేమన్నావు?"

"'లేదు, నువ్వు పో' అన్నాను."

"ఎందుకు?"

"వెనకాల పడవకి కట్టిన పట్టీ కొట్టుకుంటోంది."

"నాకేం వినపడట్లేదు."

"టపటపమంటోంది. ఆపు నాన్నా. పడవ జారిందంటే వెనకవాళ్ల నెత్తిన పడుతుంది."

"మాట మార్చకు."

"మార్చట్లేదు. ఆపు. ఆ వీధిదీపం దగ్గర ఆపు."

"సరే, ఆపా. నువ్వు కూర్చో, నేను బిగించొస్తా."

"నువ్వు వేసిన ముడే అది. అందుకే ఊడింది."

"ఓహో. నీ పుట్టుకకి ముందునుంచీ లిఫ్టులు రిపేరు చేస్తూ వాటి తాళ్లు చూస్తున్నవాణ్ని నేను. నా ముడికి వంకలా?"

"లిఫ్టుకి ముళ్లెయ్యరు నాన్నా. ఇటివ్వు. రెండు చుట్లు తిప్పి కిందనుంచి తియ్యాలి. ఆ కొస పట్టుకో. లాగు."

"అమ్మో! ఏంటే ఈ చేతులు, ఐసుముక్కల్లా ఉన్నాయి!"

"చెప్పాగా, తెలీట్లేదని. లాగు, గట్టిగా."

"లాగా. ఇంక అది కదిలితే నా పేరు మార్చుకుంటా. ఆగు, ఎక్కకు. ఎక్కేముందు ఒక మాట. ఇవాళ్టితో సీజన్ అయిపోయింది కదా."

"వాన పెద్దదవుతోంది."

"అవును. పద. లోపల కూర్చుని చెప్తా."

"తలుపు గట్టిగా వెయ్యి, పడలేదు."

"వేశా. ఏంటంటే... సీజన్ అయిపోయింది కాబట్టి, అమ్మా నేనూ అనుకున్నదేంటంటే... అంటే, నువ్విప్పుడు చిన్నపిల్లవేం కాదు కాబట్టి..."

"చలికాలం ట్రైనింగ్ గుర్తుందా నీకు?"

"ఆఁ? గుర్తులేకపోవడమేంటి! రిజర్వాయరు దగ్గర. పొద్దున్నే తాళ్ల మీద మంచు పేరుకునుండేది. మీ అమ్మ ఫ్లాస్కులోంచి వేణ్నీళ్లు పోసి కరిగించేది, నువ్వు సిగ్గుపడి చచ్చేదానివి. 'అమ్మా, ఎవరూ అలా చెయ్యరు' అని."

"మర్నాటినుంచి అందరి అమ్మలూ ఫ్లాస్కులు తెచ్చారు."

"తెచ్చారు! అదీ మీ అమ్మ అంటే."

"తొడలు మండిపోయేవి. పడవలో ఉండే పట్టీ కింద పాదాలు ఇరికించి, ఒళ్లంతా నీళ్ల మీదకి వెనక్కి వాల్చి ఉండాలి. సార్ చుట్టూ తిరుగుతూ విజిల్. ఒంగితే విజిల్. లేస్తే విజిల్. ఎన్నిసార్లు బోల్తాకొట్టానో, చివరికి సారే విజిల్ ఊదడం మానేశారు."

"అయినా దిగేదానివి. మర్నాడు మళ్లీ దిగేదానివి. నేను మీ అమ్మతో అనేవాణ్ని, ఇది నా మొండితనమే అని. 'మొండితనం మీ వైపుది కాదు, మావైపుది' అనేది తను."

"తర్వాత మొదటి రేసు."

"దాని సంగతి వదిలెయ్."

"చివర్నుంచి రెండోదాన్ని."

"ఎవరైనా ఎక్కడో ఒకచోట మొదలెట్టాలి కదా."

"నా వెనకవాడికి చుక్కాని విరిగింది. లేకపోతే నేనే ఆఖరు."

"అయినా మీ అమ్మ చప్పట్లు కొట్టింది. చుట్టూ ఉన్నవాళ్లు తిరిగి చూశారు, ఎవరమ్మా ఈవిడ, పిల్ల నెగ్గిందేమో అని."

"ఆరోజు ఇంటికెళ్లాక నేను బాత్రూంలో ఉన్నాననుకున్నారు మీరు."

"ఎప్పుడు?"

"ఆరోజే. నీళ్లు వేడెక్కుతాయని షవర్ తిప్పి వదిలేశాను. తువ్వాలు మర్చిపోయి బయటికొచ్చాను. వంటింటి తలుపు ఓరగా ఉంది. నీళ్ల చప్పుడు వినపడుతోంది కదా, అందుకని మీరు మామూలుగానే మాట్లాడుకుంటున్నారు. గొంతు తగ్గించుకోలేదు."

"అమ్మలూ, ముందు కాస్త ఆ కిటికీ..."

"'ఈ సీజన్ అయ్యేదాకా దానికి చెప్పొద్దు' అంది అమ్మ. 'అప్పటిదాకా వేరుగా ఉంటున్నామని తెలియనివ్వద్దు. పిల్ల నీళ్లలో ఉంటుంది, ధ్యాస చెదిరితే ప్రమాదం' అంది. నువ్వు సరే అన్నావు."

"నువ్వు విన్నావా అదంతా?"

"'ఎంతో కాలం పట్టదులే, అది ఎలాగూ ఈ మొదటి దశలోనే ఆగిపోతుంది' అన్నావు."

"నేనా? నేనలా అన్నానా?"

"అన్నావు."

"అలా అనుంటానా..."

"అన్నావు నాన్నా. కోపంతో ఏం అన్లేదు. ఉన్నమాటేగా."

"మరి ఇన్నాళ్లూ ఒక్క ముక్క అడగలేదేం?"

"అడిగితే మీరు చెప్పేస్తారుగా. ఆరోజు వెళ్లి స్నానం చేశాను. నీళ్లు వేడిగా ఉన్నాయో చల్లగా ఉన్నాయో గుర్తులేదు. తర్వాత ఎప్పుడూ సరిగ్గా తెలీలేదు. చలేస్తోందా అని అమ్మ అడిగితే వేస్తోంది అనేదాన్ని. అన్నం బాగుందా అంటే బాగుంది అనేదాన్ని."

"తల్లీ..."

"రోడ్డు చూడు."

"చూస్తున్నా."

"మొదటి దశలో పదిమందిని తర్వాతి దశకి పంపిస్తారు. నేను తొమ్మిది. గుర్తుందా?"

"గుర్తుంది. అందరం ఆశ్చర్యపోయాం. ఆ వారంలో నీకు ఏదో పూనినట్టు..."

"పూనలేదు. లెక్క తెలిసింది, అంతే. ఆగిపోతే సీజన్ అయిపోతుంది. సీజన్ అయిపోతే మీరు చెప్పేస్తారు. నెగ్గితే ఇంకో రేసు ఉంటుంది. ఇంకో రేసు ఉంటే చెప్పరు."

"అందుకా?"

"ఊఁ."

"అన్ని రేసులూ... ఆ పెద్ద చెరువులో గాలివాన రోజు? సగంమంది పిల్లలు భయపడి ఒడ్డుకొచ్చేశారు. నువ్వు రాలేదు. మీ అమ్మ ఒడ్డున గోళ్లు కొరుక్కుంటూ కూర్చుంది."

"అందరూ వచ్చేశారుగా. ఉన్నవాళ్లకి పాయింట్లు ఎక్కువొస్తాయి."

"భయమెయ్యలేదా?"

"లేదు. అదే చెప్తున్నా. ఏదీ అనిపించలేదు. సార్ అనేవారు, 'దీనికి మంచు రక్తం, ఛాంపియన్లకి ఇదే ఉండాలి' అని. నాకు నవ్వొచ్చేది. నవ్వొచ్చేది అంటే, ఇక్కడ నవ్వాలి కాబోలు అనిపించేది."

"నెగ్గినందుకు కప్పు ఇచ్చినప్పుడు?"

"అమ్మయ్య, ఇంకో నెల. అంతే."

"నేనేమో దాన్ని నా గదిలో కిటికీలో..."

"ఏ గదిలో?"

"మన... హాల్లో. హాల్లో కిటికీలో."

"నీళ్లు నమలకు నాన్నా. టైర్ల షాపు మీద గది. పక్కనుంచి ఇనుప మెట్లు, పట్టుకోడానికి ఏమీ ఉండదు."

"నీకెలా తెలుసు?"

"అన్నీ నైట్ డ్యూటీలే నీకు. లిఫ్టులు రాత్రిపూటే పాడవుతాయా?"

"ఆస్పత్రి లిఫ్టులు..."

"ఒకరోజు ట్రైనింగ్ తొందరగా అయిపోయింది. నువ్వు మెయిన్ రోడ్డులో సిగ్నల్ దగ్గర కనపడ్డావు, స్కూటర్ మీద. పిలుద్దామనుకున్నా. పిలవలేదు. సైకిల్ మీద వెనకే వచ్చాను. నువ్వు మెట్లెక్కి పైకెళ్లావు. కాసేపటికి కిటికీ తీసి చొక్కా ఆరేశావు."

"చూశావా?"

"నీలం గళ్ల చొక్కా. పిండలేదు సరిగ్గా. కింద టైర్ల మీద బొట్లు బొట్లు కారుతోంది. షాపతను పైకి చూసి తిట్టాడు, నువ్వు సారీ చెప్పావు."

"తిడతాడు. నోరు మంచిది కాదు వాడిది. మనిషి మంచోడే."

"చాలాసేపు నిలబడ్డాను అక్కడ. పైకొచ్చి ఉండాల్సిందా?"

"వచ్చుంటే టీ పెట్టేవాణ్ని."

"కప్పులు రెండున్నాయా?"

"లేవు. ఒకటే. నేను గ్లాసులో తాగేవాణ్ని."

"ఊఁ."

"అమ్మకి తెలుసా ఇదంతా? నువ్వు విన్నావని?"

"తెలీదు. ఎప్పుడూ చెప్పలేదు. చెప్తే అప్పుడే అయిపోయేదిగా."

"మరి ఇవాళ? ఇంత చేసినదానివి, ఏడాదంతా లాక్కొచ్చినదానివి, ఇంకొక్క మలుపు ఉందనగా ఎందుకు వదిలేశావు?"

"చెప్తే నవ్వుతావు."

"నవ్వే ఓపిక లేదు నాకు."

"పొద్దున గుడారం దగ్గర అమ్మ ఫ్లాస్కులోంచి టీ పోసింది నీకు."

"పోసింది."

"నువ్వు థాంక్స్ చెప్పావు."

"చెప్పానా?"

"'థాంక్సండీ' అన్నట్టు, తల కూడా వంచి. అమ్మ నీవైపు చూసి, పర్లేదు అన్నట్టు తలూపింది. నా జన్మలో నువ్వు అమ్మకి థాంక్స్ చెప్పడం నేను వినలేదు. 'ఇంత ఆలస్యమా', 'పంచదార ఎక్కడ', 'నీళ్లలా ఉంది', ఇవే విన్నాను. పరాయి వాళ్లింటికి వెళ్తే కదా మనం థాంక్స్ చెప్తాం."

"అది... అది అలా కాదు."

"తర్వాత తన కుర్చీ నీకిచ్చి నిలబడింది. నువ్వు వద్దన్నావు, నువ్వూ నిలబడ్డావు. ఇద్దరూ నిలబడ్డారు, కుర్చీ ఖాళీగా ఉంది. నేను పడవకి తాళ్లు కడుతూ చూస్తూనే ఉన్నాను. అనిపించింది."

"ఏమని?"

"వీళ్లకి అయిపోయింది, నేనే ఇంకా పట్టుకుని లాగుతున్నాను అని. వారంవారం రావడం, వచ్చి ఒకళ్ల పక్కన ఒకళ్లు నిలబడటం, నేను చూస్తున్నానని నవ్వడం. మీకెంత కష్టమో కదా. నేను నీళ్లలో ఉంటే సరిపోతుంది, మీరేమో ఒడ్డున నటించాలి. ఆ చివరి బోయా దగ్గరికొచ్చేసరికి ఒడ్డు కనపడింది. మీరిద్దరూ కనపడ్డారు, రెండు రెయిన్‌కోట్లు. ఇది నెగ్గితే మళ్లీ చలికాలం, మళ్లీ ఏడాది. ఇంకెన్నాళ్లు నిలబెడతాను వీళ్లని అనుకున్నా. వదిలేశాను."

"మాకోసమా?"

"మీరు వెళ్లిపోవచ్చని. కారెందుకాపావు?"

"ఏం లేదు. అద్దం మీద ఏదో... ఏం కనపడట్లేదు."

"వైపర్ తిరుగుతూనే ఉందిగా."

"తిరుగుతోంది."

"ఏడుస్తున్నావా?"

"లేదు. ఆగు. ఒక్క నిమిషం ఆగు."

"నేనేం బాధపడట్లేదు నాన్నా. నిజంగా. నువ్వు చెప్పాలనుకున్నది చెప్పెయ్. వింటాను."

"రేసయ్యాక మీ అమ్మ ఒక్క మాటే అంది. 'అనుకున్నాం కదా. దానికి నువ్వే చెప్పు' అంది. సంచి తీసుకుని స్టేషన్‌కి నడిచి వెళ్లిపోయింది. నేను దింపుతానన్నా ఆగలేదు."

"షాపు తెరవాలని అన్నావు."

"షాపు రేపు సెలవు."

"మరి ఎందుకెళ్లింది?"

"నీ ఎదురుగా ఏడవలేక."

"ఎందుకేడవడం? మొదట్నుంచీ అనుకున్నదేగా?"

"పొద్దున నువ్వు నీళ్లలోకి దిగాక నన్ను ఒకటి అడిగింది."

"ఏమని?"

"నువ్వు ముగ్గుర్లో ఉంటే ఈ సీజన్ ఇంకెన్నాళ్లు సాగుతుందని."

"నువ్వేం చెప్పావు?"

"ఇంకో ఏడాదైనా ఉంటుంది అన్నాను. మళ్లీ రిజర్వాయరు, మళ్లీ రేసులు, అంతా మొదట్నుంచీ అన్నాను."

"విసుక్కుందా?"

"లేదు."

"మరి?"

"నీ తెరచాప వైపే చూస్తూ నిలబడింది. తర్వాత, నావైపు తిరక్కుండానే, 'అంతకాలమైతే... ఇంటికే వచ్చెయ్యరాదూ' అంది."